సదరు జంట భోజన నియమావళి

మా అమ్మ గవరమ్మ గారు ఫోనులో "బువ్వం బంతి" అంది. అవతల సూపరింటెండెంటు త్రిమూర్తులు గారికి "పువ్వుల బంతి" అని వినబడింది.

తప్పు ఫోనుది కాదు. మా అమ్మది అసలే కాదు. ఎనభై మూడేళ్ల మా అమ్మ మాట్లాడితే అవతలివాళ్లకి ఫోనుతో పనిలేదు, కిటికీ తెరుచుకుంటే చాలు. త్రిమూర్తులు గారికున్నవి చెవులు కావు, ఇన్‌వర్డు సెక్షన్లు. లోపలికి వెళ్లిన మాట ఏదైనా పదిహేను రోజుల తర్వాత ఇంకో వేషంలో బయటికొస్తుంది. ఈసారి ఇలా వచ్చింది:

"మీ విన్నపం మేరకు కల్యాణ మండపము నందు పువ్వుల బంతి అనుమతించడమైనది. రాలిన రేకులను పార్టీవారే ఊడ్చుకొనవలెను."

చదివి వినిపిస్తే అమ్మ, "రేకులేవిట్రా బుల్లబ్బాయ్? పూతరేకులా? అవెవరైనా ఊడుస్తారా, తింటారుగానీ," అంది. అనుమతంటూ వచ్చింది గదా అని కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

బువ్వం బంతి అంటే తెలియనివారుంటారేమో, చెబుతాను. బంతి అంటే భోజనాల వరస. పెళ్లయ్యాక కొత్త దంపతుల్నీ, రెండు వైపుల దగ్గర చుట్టాల్నీ ఒకే బంతిలో కూర్చోబెడతారు. వధూవరులిద్దరికీ కలిపి ఒకటే అరిటాకు. దాని మీద కుప్పగా అన్నం, గుంట చేసి నెయ్యి. ఇంటి పెద్దావిడ మొదటి ముద్ద కలిపి ఇద్దరికీ పెడుతుంది. ఆ తర్వాత వాళ్లు ఒకరికొకరు తినిపించుకోవాలి. చుట్టూ ఉన్నవాళ్లు వాళ్ల దుంప తెంచాలి. ఆ మొదటి ముద్ద పడేదాకా పెద్దావిడ పచ్చి మంచినీళ్లు ముట్టదు. మా ఇంట్లో పెద్దావిడ అమ్మ. పెళ్లికూతురు హిమజ మా చెల్లెలి కూతురు, అంటే నాకు మేనకోడలు. పెళ్లికొడుకు ఫణీంద్ర ముందురోజు రాత్రి తిన్న రెండు ఇడ్లీల మీద పెళ్లంతా నడిపించాడు. వరుడు కాస్తా కరువుడయ్యాడు.

నా సంగతి కూడా చెప్పాలి. చింతలమెరక మున్సిపల్ ఆఫీసుకి ఎదురుగా నాకు జిరాక్స్ కొట్టు ఉంది. ఆఫీసులో ఉన్న మెషీను ఆరేళ్లుగా "మరమ్మత్తులో ఉన్నది" అనే అట్ట కప్పుకుని పడుకుంది కాబట్టి వాళ్ల కాయితాలన్నీ నా దగ్గరికే వస్తాయి. చేత్తో కాయితాలు తిప్పుతూ నోటితో మాటలు తిప్పడం నాకు యాభై మూడేళ్లొచ్చినా పోని అలవాటు. ఆ అలవాటు వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదని ఆ రోజు మధ్యాహ్నం దాకా నమ్మాను.

పెళ్లి పొద్దున్న మా చెల్లెలింటి పందిట్లో జరిగిపోయింది. రిసెప్షన్ భోజనాలు మాత్రం మున్సిపల్ కల్యాణ మండపంలో, పన్నెండింటికి. నాలుగింటికల్లా తాళాలప్పగించాలి.

గేటు దగ్గర త్రిమూర్తులు గారు నిలబడి ఉన్నారు. ఆయన చొక్కా జేబు మీద బిళ్ల: "సూపరింటెండెంటు, పార్కులు, జంతుశాల మరియు కల్యాణ మండపం విభాగము." వెనక అటెండరు ధనరాజు. వాళ్లిద్దరి మధ్యన, బియ్యం బస్తాలు తూచే కాటా.

సన్నాయి మేళంతో కారు దిగిన దంపతులకు హారతి పట్టడానికి పళ్లెం పట్టుకొచ్చిన మా చెల్లెల్ని ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ముందు తూకమండీ."

"ఎవరిని?" అన్నాను.

"సదరు జంటని." చేతిలోని నాలుగు పేజీల కాయితం పైకెత్తారు. "జిల్లా కార్యాలయం నుండి మార్గదర్శకాలు వచ్చియున్నవి. విషయము: మండపములలో నూతన వధూవరుల రిసెప్షన్ భోజన ఏర్పాట్లు. వధూవరులను ఇకమీదట 'సదరు జంట' అని పేర్కొనడమైనది. నియమాలు తు.చ. తప్పకుండా పాటించి, సాయంత్రం నాలుగు గంటల లోపు ఫొటోలతో నివేదిక పంపవలెను. మీవారే మొదటి జంటండి. అదృష్టవంతులు."

పేజీ తిప్పి చదివారు. "నియమం ఒకటి. సదరు జంటను ఆవరణలోనికి ప్రవేశపెట్టుటకు ముందు విడివిడిగా తూకము వేయవలెను. భోజనానంతరము మరల తూచి, వ్యత్యాసము నమోదు చేయవలెను."

నేను నోరు తెరవబోయేలోపు పెళ్లికొడుకు తండ్రి పార్వతీశం గారు ముందుకొచ్చారు. ట్రెజరీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. నెంబరు వేసిన వాక్యం కనిపిస్తే ఆయనకి కళ్లు చెమరుస్తాయి.

"ఏదీ, ఆ కాయితం చూపించండి," అన్నారు. చూశారు. కింద ముద్ర చూశారు. ముద్ర మీద సంతకం చూశారు. "సక్రమంగా ఉంది. అబ్బాయ్, కాటా ఎక్కు."

ఫణీంద్ర బాసికం సర్దుకుని ఎక్కాడు. అరవై ఏడు. హిమజ ఎక్కింది. "నగలతోనా, నగలు తీసేసా?" అని ధనరాజు అడిగాడు. దాని గురించి ఆర్డరులో లేదు. పది నిముషాలు చర్చ జరిగి "నగలతో సహా" అని రిమార్కులో రాసుకున్నారు.

"మావయ్యా," అంది హిమజ కాటా దిగుతూ నా చెవిలో, "నన్ను బుట్టలో మోసుకొస్తానన్నావ్. బస్తాలా తూయించావ్."

"తూచా తప్పకుండా అంటే ఇదేనమ్మా. తూచక తప్పదు," అన్నాను. ఆ రోజుకి అది మొదటి ఛలోక్తి. ఎవరూ నవ్వలేదు. నేనే నవ్వుకున్నాను.

లోపలికి వెళ్లబోతే సన్నాయి ఆగిపోయింది. నియమం రెండు: సదరు జంట బెదరకుండునట్లు పరిసరములలో పెద్ద శబ్దములు చేయరాదు. మేళగాళ్లు డోలు పక్కన పెట్టి నేల మీద వేళ్లతో తాళం వేసుకుంటూ కూర్చున్నారు. నియమం మూడు: సందర్శకులు సదరు జంట మీదికి ఏ పదార్థమునూ విసరరాదు. ధనరాజు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ల చేతుల్లోంచి అక్షింతలు లాక్కుని ఒక ప్లాస్టిక్ కవర్లో వేశాడు. కవరు మీద "విసరబోయినవి" అని రాశాడు.

"అక్షింతలు వెయ్యకపోతే ఆశీర్వాదం ఎలాగండీ?" అని మా చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నోటితో అనొచ్చమ్మా. మెల్లగా," అన్నారు త్రిమూర్తులు గారు.

నాలుగు వందల మంది అతిథులు వచ్చారు. వాళ్లకి ఏ నియమమూ లేదు. డైనింగు హాల్లో గుత్తొంకాయ కూర, పనసపొట్టు ఆవపెట్టిన కూర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు ఘుమఘుమలాడుతుంటే వరస వెంట వరస తిని లేస్తోంది. స్టేజీ మీద సోఫాలో కూర్చున్న దంపతుల దాకా ఆ వాసన వస్తోంది. వాసన మీద నియమం ఏదీ లేదు. ఉండుంటే బాగుండేది.

ఒంటిగంటన్నరకి అమ్మ తన కర్ర పట్టుకుని లేచింది. "ఇంక బంతి వెయ్యండ్రా. పిల్లాడి మొహం పీక్కుపోయింది. ఒకటే ఆకు, పెద్దది, చివరాకు."

వంటమేస్త్రి గంగరాజు ఆకు తెచ్చి పరిచాడు. త్రిమూర్తులు గారు దాన్ని పోలీసువాడు శవాన్ని చూసినట్టు చూశారు.

"రెండు పాత్రలు కావాలండి. ఆరడుగుల ఎడం."

"ఏవిటీ?" అంది అమ్మ.

"నియమం అయిదు. సదరు జంటకు తొలి భోజనము వేర్వేరు పాత్రలలో, ఆరడుగుల ఎడముగా పెట్టవలెను. ఒకదాని పాత్రలో రెండవది చేయి పెట్టకుండునట్లు మధ్యన అడ్డు కట్టవలెను."

"'ఒకదాని' ఏవిటండీ?" అన్నాను. "మా అల్లుడు 'అది'యా?"

త్రిమూర్తులు గారు జాలిగా నవ్వారు. "ఆఫీసుకి ఆడామగా తేడా ఉండదండీ. అర్జీదారుడు అది, పెన్షనరు అది, చివరికి ఓటరు కూడా అదే. ప్రభుత్వ దృష్టిలో అందరూ సమానమే."

పార్వతీశం గారు తలాడించారు. "కరెక్టే. మా ట్రెజరీలో నన్ను నేనే 'అది' అని రాసుకునేవాణ్ణి."

నేను జేబులోంచి అనుమతి కాయితం తీశాను. "మాకు బువ్వం బంతికి పర్మిషనుంది."

ఆయన చదివి తిరిగిచ్చారు. "పువ్వుల బంతికండి. బంతిపూలు ఎంతైనా కట్టుకోండి. రేకులు మాత్రం..."

"ఊడుస్తాం!" అని అరిచాను. నియమం రెండు ప్రకారం ధనరాజు నా నోటి మీద వేలు పెట్టాడు.

అమ్మ కుర్చీ లాక్కుని సరిగ్గా ఆ ఆకు ముందు కూర్చుంది. "నాయనా త్రిమూర్తులూ. మా అత్తగారు నాకు ఒకే ఆకులో పెట్టింది. నేను నా కోడలికి, కూతురికి ఒకే ఆకులో పెట్టాను. రెండాకులేస్తే రెండు కాపురాలు పెట్టినట్టే. ఈ పిల్లలకి నా చేత్తో ముద్ద పెట్టేదాకా నేను మంచినీళ్లు తాగను. నీ ఇష్టం."

"అమ్మగారూ, మీ చేత్తో అసలు కుదరదండి. నియమం ఆరు. సందర్శకులు సదరు జంటకు స్వహస్తములతో ఆహారము తినిపించరాదు. వ్రేళ్లకు ప్రమాదము."

"ఎవరి వేళ్లకి?"

"పెట్టేవారి వేళ్లకండి."

అమ్మ ఫణీంద్ర వైపు చూసింది. "ఒరే మనవడా, నువ్వు కరుస్తావా?"

"ఇంకో అరగంట చూసి చెప్తానమ్మమ్మా," అన్నాడు ఫణీంద్ర నీరసంగా.

ఇక్కడ తిరగబడదామని నేనన్నాను. ఆకు మీద అలిగితే మిగిలేది ఆకలే, పదండి, గంగరాజుని పిలిచి వడ్డించేద్దాం అన్నాను. త్రిమూర్తులు గారు జేబులోంచి వంటగది తాళంచెవి తీసి ఊపారు. పార్వతీశం గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "బావగారూ, నియమం ఉల్లంఘించిన పెళ్లి నాకొద్దు. నా సర్వీసులో మెమో లేదు. నా కోడలు మెమోతో ఇంటికి రాకూడదు." దాంతో మా చెల్లెలు బిక్కచచ్చిపోయింది. వియ్యంకుడి మాటకి ఎదురుచెప్పే రోజు కాదది. నేను కూర్చున్నాను. కల్యాణ మండపంలో అందరికీ కల్యాణం, మాకు మాత్రం మండడం.

సరే, నియమాల ప్రకారమే కానివ్వమన్నాం. అదే మేం చేసిన పొరపాటు. పాటిస్తే అయిపోతాయనుకున్నాం. అవి నియమాలు కావు, నీ యమాలు, నా యమాలు.

స్టేజీ మీద రెండు బల్లలు ఆరడుగుల దూరంలో వేశారు. మధ్యన క్రికెట్ ఆడుకునే వల కట్టారు. వంటకాల పేర్లు చదవమంటే త్రిమూర్తులు గారు మూడో పేజీ తిప్పారు.

"ఉడకబెట్టిన చిలగడదుంపలు కిలోన్నర. అరటిపళ్లు డజను, తొక్కతో. రాగిసంకటి ముద్దలు ఎనిమిది. తేనె పావులీటరు, ప్రవర్తన బాగున్నచో మాత్రమే."

"బూరెలు?" అన్నాడు ఫణీంద్ర. ఆ గొంతు విని నా గుండె తరుక్కుపోయింది.

"వేయించినవి, తీపివి నిషిద్ధం."

బూర ఊదొద్దన్నారు, బూరె తినొద్దన్నారు. ఇంక పెళ్లిలో మిగిలిందేముంది?

చిలగడదుంపల కోసం మనిషిని సంతకి పంపారు. ఈలోగా హిమజ తెలివి చూపించింది. పెళ్లికూతుర్ని చూడ్డానికి వచ్చిన స్నేహితురాలి చేతిలోంచి ఒక బూరె అందుకుని పట్టుచీర కుచ్చిళ్లలోకి తోసేసింది. నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. ధనరాజు చూశాడు.

"సార్! ఆడది ఆహారం దాచిందండి!"

"ఆడదేవిట్రా, పెళ్లికూతురు!" అన్నాను.

త్రిమూర్తులు గారు ఆనందంతో పొంగిపోయారు. "ఉందండీ, ఉంది! నియమం పది. సదరు జంటలో ఆడది ఆహారమును దాచుకొను స్వభావము కలిగియుండును. గమనించి, మెల్లగా, వెనుకనుండి తీసివేయవలెను. చూశారా, ఎంత ముందుచూపుతో రాశారో! పైవాళ్లు ఊరికే పైవాళ్లయ్యారా?"

"వెనకనుంచి ఎవరైనా వస్తే చెప్పుచ్చుక్కొడతాను," అంది హిమజ. ధనరాజు నియమం పదిలోని "మెల్లగా" అన్న మాటని చాలాసేపు పాటించి, చివరికి దగ్గరికి వెళ్లడం మానేశాడు.

రెండున్నరకి దుంపలొచ్చాయి. ప్లేట్లు పెట్టబోతే ఏడో నియమం అడ్డొచ్చింది: ఆహారమును సంరక్షకుడు మాత్రమే, మోకాళ్ల వరకు రబ్బరు బూట్లు, తోలు చేతితొడుగులు ధరించి, పొడవైన కర్రతో లోనికి నెట్టవలెను. సంరక్షకుడంటే కన్నతండ్రేనని పార్వతీశం గారు తేల్చారు. మా బావ పట్టుపంచె మీద మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికుల బూట్లు తొడుక్కుని, స్కూటరు మెకానిక్ దగ్గర తెచ్చిన చేతితొడుగులు వేసుకుని, బూజుకర్రతో కన్నకూతురి వైపు చిలగడదుంపల ప్లేటు నెట్టాడు. ఫొటోగ్రాఫరు మూడు కోణాల్లో తీశాడు. ఫ్లాష్ లేకుండా. ఫ్లాష్‌కి నియమం పన్నెండు.

"కన్యాదానం చేసినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు బావా," అన్నాడు మా బావ నాతో.

సరిగ్గా అప్పుడే ఫణీంద్ర కడుపు అరిచింది.

అది మామూలు అరుపు కాదు. పదిహేడు గంటల ఇడ్లీ ఆకలి. సన్నాయి ఆపిన నిశ్శబ్దంలో, మైకు పక్కనే కూర్చున్న కడుపు, "గుర్ర్‌ర్" మని హాలంతా మోగింది.

త్రిమూర్తులు గారి కళ్లు మెరిశాయి. "నియమం పదకొండు! మగది గుర్రుమన్నచో తక్షణము చల్లని నీరు చల్లవలెను! ధనరాజూ!"

ధనరాజు అందుకోసమే సోఫా వెనక బకెట్టు నింపి సిద్ధంగా పెట్టుకున్నాడట. నాకు తెలియదు. అతను నీళ్లు చల్లలేదు. పోశాడు. పెళ్లికొడుకు తలపాగా, బాసికం, కొత్త సూటు, చివరికి పక్కనున్న శుభాకాంక్షల పత్రం కూడా తడిసి ముద్దయ్యాయి. అప్పటిదాకా ఆ స్టేజీ మీద పడ్డ ముద్ద అదొక్కటే.

పార్వతీశం గారి మొహంలో మొదటిసారి ఒక నియమం మీద అనుమానం కనిపించింది. "కాస్త ఆ కాయితం ఇంకోసారి..." అని గొణిగారు.

అమ్మ తూలింది. కుర్చీ చేతిని పట్టుకుని నిలదొక్కుకుంది గానీ చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, పొద్దున్నించీ మంచినీళ్లు కూడా లేవే. రెండు గుక్కలు తాగవే." అమ్మ గ్లాసు తోసేసింది. "ముద్ద పెట్టాక." ఆ మాటలో అరుపు లేదు. మా అమ్మ నెమ్మదిగా మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. నాకప్పుడు భయం వేసింది. నాలుగింటికి తాళాలు. మూడు దాటింది.

అంతలో గేటు దగ్గర మోపెడ్ ఆగింది. ఖాకీ నిక్కరులో ఒక మనిషి చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాడు. నుదుట ఇంత కుంకుమ బొట్టు, మెడలో బంతిపూల దండ, చంకలో తాంబూలం సంచి.

"త్రిమూర్తులు బాబూ! నాను అప్పలకొండనండి, జంతుశాల కాపలా. మీరంపినారు గదండి, ఆ ఆర్డరులో ఒక్క ముక్క నాకు అరదం కాట్లేదు. మిగిలినవన్నీ సేసేసినానండి."

"ఏం చేశావు?"

"పందిరేసినానండి. బోను ముందల పెద్ద సోపా ఎట్టినానండి, ఎర్ర ముకమలది. రంగు లైట్లు ఏలాడదీసినానండి. సన్నాయోళ్లని రప్పించినాను, పొద్దున్నించి వాయిస్తన్నారు. గందం పూసినానండి, మగదానికి కుసింత కట్టమయింది. బూరెలు, పులిహోర, లడ్లు, ఆరు రకాల కూరలు ఒకే ఆకులో ఎట్టినానండి. ఐస్‌క్రీం ఎట్టినాను. తాంబూలవిచ్చినాను, నవిలేసినాయి. వొచ్చినోళ్లందరి సేత అచ్చింతలేయించినాను. ఇంకోటే మిగిలిందండి: 'సదరు జంట సేత ఒకదానికొకటి మిటాయి తినిపింపజేసి, నవ్వుచుండగా పొటో తియ్యవలెను' అనుందండి. తినిపించుకుంటన్నాయి గానీ బాబూ, నవ్వట్లేదండి. ఎలుగుబంట్లకి నవ్వు ఎలా తెప్పించాలండి?"

అప్పలకొండ జేబులోంచి చెమటకి తడిసిన నాలుగు పేజీలు తీశాడు. పార్వతీశం గారు వాటిని అందుకున్నారు. త్రిమూర్తులు గారి నాలుగు పేజీలూ లాక్కున్నారు. రెండూ పక్కపక్కన పట్టుకుని, ముప్ఫై నాలుగేళ్ల ట్రెజరీ అనుభవంతో, మొదటి పేజీ నుంచి రెండో పేజీకీ, రెండో పేజీ నుంచి మొదటి పేజీకీ చూశారు.

"దీని మొదటి పేజీ: వధూవరుల రిసెప్షన్ భోజనం," అన్నారు మెల్లగా. "దాని మొదటి పేజీ: జంతుశాలలో కొత్తగా జతచేర్చిన ఎలుగుబంట్ల ఆహారం. రెండింట్లోనూ 'ఇకమీదట సదరు జంట అని పేర్కొనడమైనది.' రెండూ నాలుగేసి పేజీలే. మొదటి పేజీలు సరిగానే ఉన్నాయి. తక్కిన మూడేసి పేజీలు ఇటువి అటూ, అటువి ఇటూ వెళ్లాయి."

"అంటే," అంది హిమజ వల వెనకనుంచి, "ఆడది ఆహారం దాచుకుంటుందన్నది..."

"ఎలుగుబంటమ్మా," అన్నారు పార్వతీశం గారు. "క్షమించు తల్లీ."

నేను రెచ్చిపోయాను. పొద్దున్నించీ అణచుకున్నదంతా గొంతులోకి వచ్చింది. స్టేజీ ఎక్కి మైకు పట్టుకున్నాను. "వినండి బాబూ వినండి! మాకు రావలసిన బంతి ఎలుగుబంటికి వెళ్లింది! ఈ కాయితాలు కలిపిన మహానుభావుడెవరు? ఏ మేధావి చేతులివి? ఆ చేతులు నాకు చూపించండి, ముద్దుపెట్టుకుంటాను! ఎవడు వాడు?"

"బయట కలిపించామండి," అన్నాడు ధనరాజు ఖాళీ బకెట్టు పట్టుకుని. "మా మెషీను మరమ్మత్తులో ఉంది గదండి. ఎదురు కొట్లో జిరాక్స్ తీయించాం. పిన్ను కూడా ఆయనే కొట్టారు."

మైకు నా నోటి ముందే ఉంది. నాలుగు వందల మందిలో నా కొట్టు తెలియనివాడు ఒక్కడు లేడు.

గుర్తొచ్చింది. పోయిన మంగళవారం. ఫ్యాను ఫుల్లులో తిరుగుతోంది. ధనరాజు రెండు ఆర్డర్లు బల్ల మీద పెట్టాడు. అదే టైములో కొట్టులో ముగ్గురు కస్టమర్లకి "పులిహోరలో పులి లేదు, అయినా మా జంతుశాలలో కూడా పులి లేదు, పులిహోరే నయం, పులుపైనా ఉంది" అని చెబుతున్నాను. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కాయితాలు ఎగిరాయి. కింద పడ్డవి ఏరి, నెంబర్లు చూసి, ఒకటి కింద రెండు, రెండు కింద మూడు, మూడు కింద నాలుగు పెట్టి పిన్ను కొట్టాను. నెంబర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. పక్కా పని అనుకున్నాను కూడా.

తప్పదు. మైకులోనే అంతా చెప్పాను. ఫ్యాను సంగతి, పులి సంగతి, పిన్ను సంగతి. పనిలో పని, మా అమ్మ ఫోనులో బువ్వం అంటే అక్కడ పువ్వుల అని వినబడిన సంగతి కూడా. తర్వాత డైనింగు హాలు వైపునుంచి గంగరాజు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వరస వెంట వరస పాకి స్టేజీ దాకా వచ్చింది. తడిసిన కోటు పిండుకుంటూ ఫణీంద్ర నవ్వాడు. మా బావ రబ్బరు బూట్లలో కూలబడి నవ్వాడు. త్రిమూర్తులు గారు నవ్వలేదు. "పొరపాటు కార్యాలయము వెలుపల జరిగినదని నివేదికలో పేర్కొనెదను," అన్నారు.

"వంటగది తాళం," అంది అమ్మ చెయ్యి చాపి.

ఆయన ఇచ్చేశారు.

మూడు ఇరవైకి వల తెగింది. సన్నాయి మొదలైంది. "విసరబోయినవి" కవరు చింపి అక్షింతలు ఎవరివి వాళ్లకి పంచకుండానే గుప్పిళ్లతో విసిరారు. ఒకటే ఆకు, చివరాకు. తెల్లగా కుప్ప, మధ్యన గుంట, గుంటలో నెయ్యి. అమ్మ తన వేళ్లతో ముద్ద కలిపి మొదట ఫణీంద్ర నోట్లో పెట్టింది. అతను ఆ వేళ్లని కరిచినంత పని చేశాడు. రెండో ముద్ద హిమజకి. తర్వాత వాళ్లిద్దరూ ఒకరికొకరు పెట్టుకున్నారు. మా చెల్లెలు అమ్మకి మంచినీళ్ల గ్లాసు అందించింది. ఈసారి తోసెయ్యలేదు. గ్లాసు మొత్తం తాగి, మూతి తుడుచుకుని, "బూరె ఒకటి ఇటు పడెయ్యండ్రా," అని అరిచింది. వీధి చివరికి వినబడింది.

బంతిలో వియ్యంకుడు పార్వతీశం గారు కూర్చున్నారు. అప్పలకొండ కూర్చున్నాడు. త్రిమూర్తులు గారిని కూడా అమ్మే చెయ్యిపట్టి కూర్చోబెట్టింది. అప్పలకొండ బూరె కొరుకుతూ, "ఒక్కమాట బాబూ," అన్నాడు. "మూడు దినాల్నించి ఆటిని పక్కపక్కన ఎడితే ఒకటే గుర్రులాటండి. ఇయాళ సన్నాయి ఇని, ఒకే ఆకులో ఎడితే, మగది లడ్డూ తీసి ఆడదానికి ఇచ్చిందండి. నా కళ్లతో సూసినానండి. ఆ ఆర్డరు ఎనక్కి తీసుకోకండి బాబూ, వాటికి ఇదే ఉంచెయ్యండి."

త్రిమూర్తులు గారు ఎడంచేత్తో డైరీ తీసి ఏదో రాసుకున్నారు.

నేను చేతులు కడుక్కుని వచ్చి బంతి చివర, ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చోబోయాను.

"ఒరే బుల్లబ్బాయ్," అంది అమ్మ. "ఆరడుగులు."

"అమ్మా!"

"ఆ మూల స్తంభం దగ్గర. కూర్చో."

కూర్చున్నాను. యాభై మూడేళ్లొచ్చినా అమ్మ అమ్మే. మా బావ, పట్టుపంచె మీద ఇంకా ఆ బూట్లతోనే, లేచి బూజుకర్ర అందించాడు. అమ్మ దాని చివర ప్లేటు పెట్టింది. కిలోన్నర ఉడకబెట్టిన చిలగడదుంపలు, తొక్కతో అరటిపళ్లు, ఎనిమిది రాగిసంకటి ముద్దలు. జాగ్రత్తగా, నియమం ఏడు ప్రకారం, నా వైపు నెట్టింది. బంతి బంతంతా ఆకుల మీద చేతులు ఆపి చూసింది.

"తేనెమ్మా?" అన్నాను.

"ప్రవర్తన చూసి," అంది.

ఒక్కసారి గుర్రుమందామనిపించింది. కానీ స్తంభం పక్కన ధనరాజు నిలబడి ఉన్నాడు, బకెట్టు మళ్లీ నిండుగా ఉంది.